విమానం నడిచే దారి

పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడు ఒక గుహలో, లక్ష్మీనరసింహుడు మరో గుహలో కొలువై ఉంటారు. పొద్దున్నే మెట్లెక్కి దర్శనం చేసుకుని వెనక్కి తిరిగితే ఊరంతా కాళ్ల కింద పరచుకుని కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడి ఊరు ఇది. విస్నూరు దొరకు ఎదురుతిరిగి, తాను పండించిన వడ్లు తన ఇంటికే చేర్చుకున్న చాకలి ఐలమ్మ ఊరు కూడా ఇదే. కాస్త దూరంలో పోతన పేరుతో వెలిగే బమ్మెర ఉంది. నేను గుట్ట దిగుతుంటే హైదరాబాద్ వైపు ఒక విమానం పోతోంది. మెట్ల మీద ఆడుకుంటున్న పిల్లలు తలెత్తి చేతులూపారు. విమానమంటే మనకు ఎరుకైన రూపం అదొక్కటే. ఎత్తులో, దూరంగా, మెరుస్తూ పోయే వస్తువు. అది నేల మీద కూడా నడుస్తుందనీ, దానికి అక్కడ దారులూ కూడళ్లూ ఎర్ర దీపాలూ ఉంటాయనీ, ప్రపంచ విమానయాన చరిత్రలో అత్యధిక ప్రాణాలు తీసిన ప్రమాదం అలా నేల మీదే జరిగిందనీ మనకు పెద్దగా పట్టదు.

సాయంత్రం శంషాబాద్‌లో విశాఖపట్నం విమానం ఎక్కాలి. జనగామ మీదుగా పోతే తొందరగా చేరవచ్చు. కానీ చేతిలో పొద్దంతా ఉంది. అందుకని వర్ధన్నపేట వైపు తిరిగాను. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద మామునూరు ఉంది. మా ప్రాంతానికి ఒకప్పుడున్న, మళ్లీ రాబోతున్న విమానాశ్రయం అక్కడే. ఎక్కబోయే విమానం గురించి ఆలోచించడానికి అంతకంటే మంచి చోటు దారిలో ఇంకొకటి లేదు.

మామునూరు దగ్గర బస్సు దిగితే విమానాశ్రయమని చెప్పే ఆర్భాటం ఏమీ కనిపించదు. గోడ, కంచె, గడ్డి, దూరంగా చదునైన నేల. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1930లో కట్టిన విమానాశ్రయం ఇది. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు నడిచిన రోజుల్లో వ్యాపారులకూ అధికారులకూ ఇక్కడి రన్‌వే అక్కరకొచ్చింది. 1981లో రాకపోకలు ఆగిపోయాయి. ఆ తరువాత ఎన్‌సీసీ పిల్లల గ్లైడర్ శిక్షణకు తప్ప ఈ నేలకు పెద్ద పని పడలేదు. సుమారు 700 ఎకరాల జాగా అలాగే ఉండిపోయింది. హైదరాబాద్ విమానాశ్రయంతో కుదిరిన ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉండటంతో ఏళ్ల తరబడి మాటలు తప్ప పని సాగలేదు. ఆ ముడి విడిపోయాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరు అభివృద్ధికి అనుమతి ఇచ్చింది. రన్‌వేను పొడిగించడానికి మరో రెండు వందల యాభై ఎకరాలకు పైగా భూమి కావాలన్నారు.

రోడ్డు పక్కన చాయ్ హోటల్లో కూర్చుంటే మాటలన్నీ దాని చుట్టే. ఎకరానికి ఎంత ఇస్తారు, నక్కలపల్లి పోయే దారి ఏమవుతుంది, రన్‌వే ఎంత పొడవు చేస్తారు, పెద్ద విమానం దిగుతుందా దిగదా. భూమి పోయేవాడికి భూమి గురించే దిగులు, అది న్యాయమే. మిగతావాళ్లకు విమానం దిగే దృశ్యం కళ్ల ముందు ఆడుతోంది. దిగిన విమానం ఎటు తిరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది, దానికి దారి ఎవరు చెబుతారు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

నిజాం కాలంలో ఆ ప్రశ్నకు జవాబు తేలిక. ఎప్పుడో ఒక విమానం వచ్చేది, అదే పోయేది. రేడియో లేని విమానాలకు అప్పట్లో దీపాలతో సైగ చేసేవారు. ఆ దీప భాష ఇప్పటికీ చెల్లుతుంది. టవర్‌లో పిస్తోలు ఆకారంలో ఒక లైటు ఉంటుంది. నేల మీదున్న విమానానికి పచ్చ దీపం మిణుకుమిణుకుమంటే నడవవచ్చని, నిలకడగా వెలిగితే ఎగరవచ్చని అర్థం. నిలకడ ఎరుపు కనిపిస్తే ఉన్నచోటే ఆగాలి. మిణికే ఎరుపు కనిపిస్తే విమానాలు దిగే చోటు ఖాళీ చేయాలి. తెల్ల దీపం మిణికితే బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. రేడియో పాడైతే ఏ పెద్ద విమానాశ్రయంలోనైనా ఈ రోజుకూ ఇదే ఆధారం. కాకపోతే దీపం చెప్పడమే గానీ వినదు. పైలట్ రెక్కల పలకలో చుక్కానో కదిలించి, రాత్రయితే లైట్లు ఆర్పి వెలిగించి, అర్థమైందని చూపాలి. అలా చూపితే గానీ మాట చేరినట్టు కాదు. ఈ చివరి సంగతి నాకు ఆ రోజు ప్రయాణమంతా మళ్లీ మళ్లీ ఎదురైంది.

హనుమకొండ నుంచి ఉప్పల్ బస్సులో నా పక్క సీటుకు ఒక కుర్రాడు వచ్చాడు. దేవరుప్పుల దగ్గరి పల్లె. సెలవు అయిపోయి శంషాబాద్‌లో డ్యూటీకి పోతున్నాడు.

"ఏం పని చేస్తవ్ తమ్మీ?" అని అడిగితే, "ర్యాంపుల అన్నా. విమానం కిందనే మా పని" అన్నాడు.

స్టేషన్ ఘన్‌పూర్ దాటేసరికి మాటల్లో పడ్డాం. విమానం వచ్చి ఆగే చోటును వాళ్లు బే అంటారు. ఆ బేలన్నీ ఉన్న మైదానం యాప్రాన్, వాడుకలో ర్యాంపు. విమానం ఆగగానే చక్రాలకు అటూ ఇటూ చోక్స్ అనే అడ్డు దిమ్మెలు పెట్టాలి. రెక్కల కింద, ఇంజిన్ల దగ్గర కోన్లు పెట్టాలి. ఆ తరువాతే మెట్ల బండి, సామాను బండి, నూనె బండి దగ్గరికి రావాలి. ఇవి వింటే మామూలు పనులే అనిపిస్తాయి. నన్ను ఆపింది అతను బీకన్ గురించి చెప్పిన మాట.

"విమానం పొట్ట కింద ఒక ఎర్ర లైటు, వీపు మీద ఒకటి ఉంటయన్నా. అది కొడుతున్నదంటే ఇంజిన్ నడుస్తున్నట్టు, లేకుంటే నడవబోతున్నట్టు. అది ఆరేదాకా మేము ఇంజిన్ దిక్కు పోము. పైన కెప్టెన్ పిలిచినా పోము."

విమానం మామూలుగా తనంతట తాను వెనక్కి నడవదు. టగ్ అనే బలమైన బండి ముక్కు చక్రాన్ని పట్టుకుని వెనక్కి తోస్తుంది. దాన్నే పుష్‌బ్యాక్ అంటారు. ఆ సమయంలో కింద హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఒకరు కాక్‌పిట్‌తో మాట్లాడుతూ ఉంటారు. బ్రేకు తీశారా అని ఆయన అడుగుతాడు, తీశామని పైలట్ చెబుతాడు. ముక్కు చక్రం దగ్గర ఒక పిన్ను గుచ్చి ఉంటుంది. ఆ పిన్ను ఉన్నంతసేపూ పైలట్ చేతిలోని స్టీరింగు ముక్కు చక్రాన్ని తిప్పలేదు. టగ్ తోసేటప్పుడు రెండు చేతులు రెండు వైపులకు తిప్పకుండా ఈ ఏర్పాటు. తోయడం అయ్యాక టగ్‌ను విడదీసి, పిన్ను పీకి, హెడ్‌సెట్ మనిషి పక్కకు వచ్చి నిలబడతాడు. ఆ పిన్నుకు వేలాడే ఎర్ర రిబ్బన్‌ను పైకెత్తి పైలట్‌కు చూపిస్తాడు.

"చూపిచ్చినంక పైలట్ చెయ్యి ఊపాలె. ఊపకుంటే నేను ఆడ్నే నిలవడ్త. చూసిండని నాకు తెల్వాలె గద" అన్నాడు ఆ తమ్ముడు.

ఆ క్రమం తప్పితే ఏమవుతుందో 2015 డిసెంబర్ 16 రాత్రి ముంబయిలో తెలిసింది. హైదరాబాద్ రావలసిన ఎయిర్ ఇండియా విమానం పుష్‌బ్యాక్ అయింది. కింద సాంకేతిక నిపుణుడు ఇంకా పక్కకు తప్పుకోకముందే అది కదిలింది. నడుస్తున్న ఇంజిన్ ఆయనను లోపలికి లాగేసుకుంది. యంత్రం చెడిపోలేదు, వాన లేదు, మంచు లేదు. పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య ఒక సైగ తేడా పడింది. ఈ సంగతి ర్యాంపు మీద పనిచేసే ప్రతి పిల్లవాడికీ తెలుసని అతని ముఖం చూస్తే అర్థమైంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. భువనగిరి కొండ కనిపించాక మళ్లీ అతనే కదిలాడు.

"మీరెక్కేటప్పుడు చూడన్నా, కొందరు ఫోన్ మాట్లాడుకుంట గీత దాటి నడుస్తరు. మేము ఒర్రితే కోపం. ఆడ సప్పుడుకు వెనక బండొచ్చినా ఇనవడది."

ఉప్పల్‌లో అతను వేరే బస్సు పట్టుకున్నాడు, నేను మెట్రో ఎక్కాను. రసూల్‌పురా, ప్రకాశ్‌నగర్ దాటుతుంటే బేగంపేట పాత విమానాశ్రయం గుర్తుకు రాకుండా ఉండదు. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకునేదాకా హైదరాబాద్‌కు అదే వాకిలి. దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఎగిరిన చోటు. మా పల్లెల నుంచి దుబాయి, మస్కట్ పోయే మొదటి తరం అక్కడి అద్దాల వెనక నిలబడే ఏడ్చింది. ఇప్పుడు ప్రయాణికుల విమానాలు లేవు గానీ, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రం ఒకటి బేగంపేటలో నడుస్తోంది. ఏటీసీ, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేయబోయేవాళ్లు అక్కడ పాఠాలు నేర్చుకుంటారు.

ఆ పాఠాల్లో మొదటి వరసలో ఉండేది రీడ్‌బ్యాక్. కంట్రోలర్ ఒక ఆదేశం ఇస్తే పైలట్ సరేనని ఊరుకోకూడదు. ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో, ఏ రన్‌వేనో ఉన్నదున్నట్టు తిరిగి చెప్పి, చివర తన విమానం పేరు చేర్చాలి. రన్‌వే మీదికి రావడం, దాన్ని దాటడం, దాని ముందు ఆగడం, ఎగరడం, దిగడం, వీటికి సంబంధించిన ఏ మాటనైనా తిరిగి చెప్పకుండా వదలడానికి వీల్లేదు. పైలట్ చెప్పింది కంట్రోలర్ చెవిపెట్టి వినాలి, తప్పుంటే అక్కడికక్కడే సరిదిద్దాలి. మా జనగామ ప్రాంతం ఒగ్గు కథకు పెట్టింది పేరు. మాణిక్యాపురం చుక్క సత్తయ్య కథ చెబుతుంటే పక్కవాద్యగాళ్లు ప్రతి మాటనూ అందుకుని ముందుకు నడిపేవారు. పైకి చూస్తే రీడ్‌బ్యాక్ కూడా అలాంటిదే. కానీ కథలో పక్కవాడు "అవునవును" అన్నా కథ సాగిపోతుంది, రన్‌వే దగ్గర అవునన్న ఒక్క మాటతోనే కథ ముగిసిపోవచ్చు.

అలా ముగిసింది కూడా. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో, టెనెరిఫేలోని లాస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయంలో. పక్క దీవిలోని పెద్ద విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడ దిగాల్సిన విమానాలన్నీ ఇటు మళ్లాయి. ఉన్న జాగా అంతా నిండిపోయింది. విమానాలు నడిచిపోయే దారి, అంటే టాక్సీవే మీద కూడా విమానాలు నిలిపేయడంతో, బయలుదేరేవి రన్‌వే మీదనే నడిచి చివరకు చేరాల్సి వచ్చింది. కేఎల్‌ఎం వారి జంబో జెట్ ముందు పోయి చివర తిరిగి నిలబడింది. పాన్ ఆమ్ వారి జంబో దాని వెనకే అదే రన్‌వే మీద నడుస్తూ వస్తోంది. కొండ మీది మబ్బు దిగి టవర్‌కు రెండూ కనిపించడం లేదు. నేల మీద విమానాలను చూపే రాడార్ అక్కడ లేదు. కేఎల్‌ఎం పైలట్‌కు వచ్చింది దారి అనుమతి మాత్రమే, ఎగిరే అనుమతి కాదు. దాన్ని తిరిగి చెబుతూ, తాము ఎగురుతున్నామన్న అర్థం వచ్చేలా ఒక మాట చేర్చారు. కంట్రోలర్ ముందు ఓకే అన్నాడు, ఆ వెంటనే ఆగమన్నాడు. అదే క్షణంలో పాన్ ఆమ్ పైలట్ తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పలికాడు. రెండు గొంతులు ఒకే ఫ్రీక్వెన్సీలో ఢీకొని కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో ఒక కీచు శబ్దమే వినిపించింది. 583 మంది చనిపోయారు.

ఆ తరువాత ప్రపంచమంతటా మాట తీరు మారింది. టేకాఫ్ అన్న మాటను ఎగిరే అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప కంట్రోలర్ నోటి వెంట రానివ్వరు. మిగతా అన్ని చోట్లా డిపార్చర్ అనే అంటారు. తొమ్మిదిని నైనర్ అని పలకడం, అంకెలను విడివిడిగా చెప్పడం, అక్షరాలకు ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పేర్లు పెట్టడం, ఇవన్నీ గరగరలాడే రేడియోలో ఒక మాట ఇంకో మాటలా వినపడకుండా అంతకు ముందే చేసుకున్న కట్టడులు.

మన దగ్గర ఇంత పెద్ద కీడు జరగలేదు. దాని అంచుదాకా మాత్రం వెళ్లి వచ్చాం. 2023 ఆగస్టు 23న ఢిల్లీలో దిగిన ఒక విస్తారా విమానం పక్క రన్‌వేను దాటుతుండగా, అదే సంస్థ విమానం మరొకటి ఆ రన్‌వే మీద ఎగరడానికి అనుమతి పొందింది. దాటుతున్న విమానంలోని మహిళా కెప్టెన్ గమనించి గట్టిగా చెప్పడంతో రెండోది ఆగిపోయింది. ఫ్రీక్వెన్సీలో ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో పక్క విమానం వాళ్లు వినడమూ ఒక రక్షణే. అందుకే రన్‌వేకు సంబంధించిన మాటలన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే భాషలో సాగాలని నిపుణులు పట్టుబడతారు.

మెట్రో దిగి ఎక్కిన పుష్పక్ బస్సు శంషాబాద్ చేరేసరికి సాయంత్రం ఎండ వాలుతోంది. విమానంలో కిటికీ సీటు దొరికింది. రెక్క వెనక భాగం, ర్యాంపు, కింద తిరిగే మనుషులు బాగా కనిపిస్తున్నారు. తలుపులు వేశాక కాక్‌పిట్‌లో జరిగేది మనకు వినపడదు గానీ వరస తెలుసు. ముందు డెలివరీ అనే డెస్కు నుంచి దారి అనుమతి తీసుకోవాలి. తరువాత గ్రౌండ్‌ను పిలిచి పుష్‌బ్యాక్ అడగాలి. నేల మీద నడిచేదంతా గ్రౌండ్ చేతిలో, రన్‌వే మాత్రం టవర్ చేతిలో. ఒకరి నుంచి ఒకరికి మారిన ప్రతిసారీ ఫ్రీక్వెన్సీ మారుతుంది.

టగ్ మమ్మల్ని వెనక్కి తోసింది. ఇంజిన్ల హోరు పెరిగింది. పసుపు కోటు మనిషి ఒకతను పక్కకు నడిచి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఎర్ర రిబ్బన్. దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. పొద్దున బస్సులో విన్నది కళ్ల ముందు కనిపించింది. రిబ్బన్ దించి, బొటనవేలు చూపి, వెనక్కి తిరిగాడు. పైలట్ చేయి ఊపి ఉంటాడు. నా పక్కనున్న పెద్దావిడ అది మాకు వీడ్కోలనుకుని తనూ చేయి ఊపింది.

విమానం పసుపు గీత పట్టుకుని నడక మొదలుపెట్టింది. ముక్కు చక్రం ఆ గీత మీదే పోవాలి. పైలట్‌కు తన రెక్కల కొసలు సరిగా కనబడవు. గీత మీద ఉంటేనే రెక్క పక్కవాటికి తగలదన్న లెక్కతో దారులు గీస్తారు. లెక్క తప్పితే 2024 మార్చి 27న కోల్‌కతాలో జరిగినట్టు, నడుస్తున్న విమానం రెక్క నిలబడి ఉన్న ఇంకో విమానం రెక్కను రాసుకుపోతుంది. దారి పక్కన పలకలు కనిపించాయి. నలుపు మీద పసుపు అక్షరముంటే నువ్వున్న దారి అది. పసుపు మీద నలుపు, బాణం గుర్తుతో ఉంటే నువ్వు తిరగబోయే దారి. ఎరుపు మీద తెలుపు ఉంటే అక్కడ ఆగాలి, అనుమతి లేకుండా దాటకూడదు. చీకటి పడ్డాక దారి అంచున నీలి దీపాలు, రన్‌వే అంచున తెల్ల దీపాలు వెలుగుతాయి. మిలాన్ దగ్గరి లినాటే విమానాశ్రయంలో 2001 అక్టోబర్ 8న మంచులో ఒక చిన్న జెట్ రెండు దారుల మధ్య పొరబడి రన్‌వే మీదికి వచ్చేసింది. ఎగరబోతున్న పెద్ద విమానం దాన్ని ఢీకొంది. 118 మంది పోయారు. గీతలూ పలకలూ సరిగా లేవు, నేల రాడార్ లేదు. ఒక పలకకు వేసిన రంగు ఎంత విలువ చేస్తుందో అక్కడ తెలిసింది.

శంషాబాద్‌లో దారుల సంగతి ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. ఇక్కడి ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. దానికి సమాంతరంగా 3,707 మీటర్ల ఇంకో దారి ఉంది. మామూలు రోజుల్లో విమానాలు దాని మీద నడిచి పోతాయి, అంటే అది టాక్సీవే. ప్రధాన రన్‌వేను మరమ్మతులకు మూసినప్పుడు మాత్రం అదే రన్‌వే అవుతుంది. నేల అదే, దారి అదే, పేరూ పనీ మారిపోతాయి. ఆ మార్పు కంట్రోలర్‌కూ, పైలట్‌కూ, ర్యాంపు మీద బండి తోలేవాడికీ ఒకే గడియలో తెలిసి ఉండాలి. అందుకే ముందుగానే నోటామ్ అనే ప్రకటన పంపిస్తారు. 2000 అక్టోబర్ 31న తైపీలో తుపాను వానలో ఒక సింగపూర్ విమానం పక్కపక్కనే ఉన్న రెండు దారుల్లో మూసేసిన దాని మీదికి తిరిగి, అదే రన్‌వే అనుకుని వేగం పుంజుకుంది. అక్కడ పెట్టి ఉన్న నిర్మాణ యంత్రాలను ఢీకొని 83 మంది మరణించారు. మూసి ఉన్న సంగతి పైలట్లకు ముందే తెలుసు. తాము నిలబడింది దాని మీదేనన్న సంగతి తెలియలేదు.

మా విమానం రన్‌వే ముందు ఆగింది. కిటికీలోంచి ఎర్ర పలక కొంత కనిపిస్తోంది. నేల మీద నాలుగు పసుపు గీతలుంటాయి, రెండు నిండు గీతలు మా వైపు, రెండు తెగిన గీతలు రన్‌వే వైపు. నిండు గీతల వైపున్నవాడు టవర్ మాట లేనిదే దాటకూడదు. పెద్ద విమానాశ్రయాల్లో ఆ చోట నేలలో ఎర్ర దీపాల వరస కూడా ఉంటుంది, స్టాప్ బార్ అంటారు. కంట్రోలర్ ఆర్పితే తప్ప దాన్ని దాటరు.

అక్కడ ఆగి ఉన్న ఆ కొన్ని నిమిషాల్లో టోక్యో హనేడా గుర్తొచ్చింది. 2024 జనవరి 2 సాయంత్రం. భూకంపం వచ్చిన చోటికి సాయం తీసుకుపోవాల్సిన తీరరక్షక దళం విమానాన్ని రన్‌వే ముందు ఆగే హోల్డింగ్ పాయింట్ దాకా రమ్మన్నారు, బయలుదేరే వరసలో మొదటి నంబరు మీదేనన్నారు. కెప్టెన్ బృందం ఆ మాటను సరిగ్గానే తిరిగి చెప్పింది. అయినా విమానం గీత దాటి రన్‌వే మీదికి పోయి నిలబడింది. దాని మీదికి జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగింది. తీరరక్షక విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. మంటల్లో చిక్కిన పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు. నోరు సరిగ్గానే చెప్పింది, మనసు మాత్రం మొదటి నంబరు దగ్గరే ఆగిపోయింది. కంట్రోలర్ ముందున్న తెర మీద హెచ్చరిక రంగు వెలిగింది, ఆయన చూపు దాని మీద పడలేదు. ఆ చోట స్టాప్ బార్ దీపాలు ఆ రోజుల్లో పనిచేయడం లేదు. రీడ్‌బ్యాక్ ఒక్కటే కాపాడుతుందని పొద్దుటి నుంచి నాలో పేరుకున్న నమ్మకం ఇక్కడ సడలాల్సి వచ్చింది. తిరిగి చెప్పడం మొదటి కంచె. అది తెగితే రంగు పలక, అదీ తప్పితే నేల దీపం, అదీ ఆరితే రాడార్, అవన్నీ పోయినా పక్క విమానంలో చెవి ఒగ్గి వినే ఇంకో మనిషి. ఒక్కో కంచె మిగతావి తెగుతాయన్న అనుమానంతోనే పాతినది.

వరస వచ్చింది. విమానం గీత దాటి, తిరిగి, పడమటి వైపు పరుగందుకుంది. నిమిషంలో శంషాబాద్ దీపాలు కిందికి పోయాయి.

విశాఖలో దిగింది నౌకాదళం వారి నేల మీద. అక్కడి విమానాశ్రయం ఐఎన్ఎస్ డేగా స్థావరంలో భాగం, విమానాలకు దారి చెప్పేదీ నౌకాదళమే. దిగగానే, చక్రాలు ఇంకా తిరుగుతుండగానే, బెల్టులు విప్పిన చప్పుళ్లు మొదలయ్యాయి. ఇద్దరు లేచి సామాను దింపుకోబోయారు. ఎయిర్ హోస్టెస్ మైకులో ఒకసారి, చేత్తో ఒకసారి కూర్చోమంది. ప్రయాణం అయిపోయిందని వాళ్ల లెక్క. నేల మీద నడుస్తున్న విమానం ఏ క్షణమైనా గట్టిగా బ్రేకు వేయవచ్చు, ఎదురుగా ఒక బండి అడ్డం రావచ్చు. పైలట్ చోక్స్ పడేదాకా తన పని కాలేదనుకుంటాడు, మనం మాత్రం చక్రం నేలకు తగలగానే ఇంటికి చేరిపోయామనుకుంటాం.

మామునూరులో విమానం దిగే రోజు ఎక్కువ దూరం లేదు. అందుకే చాయ్ హోటల్లో ఎవరూ వేయని ప్రశ్నను ఇక్కడ వేస్తున్నాను. రన్‌వే పొడవెంత అని అందరం అడుగుతున్నాం. దాని పక్కన సమాంతరంగా టాక్సీవే కూడా కడతారా? మన దేశంలో చాలా చిన్న విమానాశ్రయాల్లో అది ఉండదు. దిగిన విమానం రన్‌వే చివర వెనక్కి తిరిగి, అదే రన్‌వే మీద నడుచుకుంటూ యాప్రాన్ చేరాలి. ఎగరబోయేదీ అంతే. టెనెరిఫేలో ఆ రోజు తప్పనిసరై చేసిన పని, చిన్న విమానాశ్రయాల్లో రోజూ చేసే పని. రోజుకు రెండు మూడు విమానాలున్నంతవరకూ జాగ్రత్తగా సాగిపోతుంది. రాకపోకలు పెరిగాక, చలికాలం పొద్దున మంచు కమ్మినప్పుడు, టవర్ అద్దాల్లోంచి రన్‌వే కనిపించనప్పుడు, అక్కడ మిగిలేది రేడియోలో ఒక గొంతు, దాన్ని తిరిగి చెప్పే ఇంకో గొంతు. భూమి తీసుకునేటప్పుడే టాక్సీవేకు కూడా జాగా లెక్కగట్టడం తేలిక, పదేళ్ల తరువాత ఇళ్లు లేచాక కష్టం. భూమి ఇస్తున్న రైతులకు ఇంత ధర అని చెప్పేవాళ్లు, ఆ భూమిలో ఎంత భాగం విమానం క్షేమంగా నడవడానికి పోతుందో కూడా చెప్పాలి.

రెండో మాట మనుషుల గురించి. టెర్మినల్ అద్దాలు బయటి నుంచి తెచ్చి బిగించవచ్చు. ర్యాంపు మీద ఎండలో నిలబడి రిబ్బన్ పైకెత్తే చేతులు మాత్రం మన పాలకుర్తి, దేవరుప్పుల, వర్ధన్నపేట పిల్లలవే కావాలి. వాళ్లకు నేర్పాల్సింది బండి తోలడమొక్కటే కాదు. పైవాడు చేయి ఊపేదాకా కదలకుండా నిలబడే మొండితనం, అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడిగే ధైర్యం నేర్పాలి. పైవాడికి ఎదురు ప్రశ్న వేస్తే మర్యాద కాదనుకునే అలవాటు మనలో ఉంది. దొరను నిలదీసిన ఐలమ్మ ఊరి పిల్లలకు, అనుమతి లేని గీత దగ్గర కెప్టెన్‌ను ఆపడం కష్టం కాకూడదు.